ఇంగ్లండ్‌లో మన పొలం కంచెను మనమే పీకేయొచ్చా?

ఇంటితో పాటు వెనక రెండెకరాల గడ్డినేల కొన్నాం, మధ్యలో ఉన్న పాత ముళ్ల చెట్ల కంచె (హెడ్జ్) తీసేసి రెండు ముక్కలూ కలిపేద్దామనుకుంటున్నాం, ఎవరినైనా అడగాలా అన్నది కదా మీ ప్రశ్న. అడగాలండీ. ష్రాప్‌షైర్‌లో మేం సరిగ్గా ఇదే పని చేయబోయి ఆగాం.

ముందు ఆ కంచె ఇంటి పెరడుకి హద్దో, పొలం మధ్యలోదో తేల్చుకోండి. పెరటి హద్దయితే ఇలాంటి చెట్ల కంచెలను కాపాడే 1997 నాటి నిబంధనలు, హెడ్జ్‌రోస్ రెగ్యులేషన్స్, వర్తించవు. పొలంలోదై, పొడవు 20 మీటర్లు దాటినా, అంతకంటే చిన్నదైనా రెండు చివర్లూ వేరే కంచెలకు కలిసినా, పీకే ముందు స్థానిక కౌన్సిల్‌కి నోటీసు ఇవ్వాలి. మాది పంట పొలం కాదుగా అనుకున్నాం. గుర్రాలు పెంచుకునే నేల కూడా ఇందులోకే వస్తుందట.

జేసీబీ అతను "మీ భూమి, మీ ఇష్టం" అన్నాడు. అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. పక్క పొలం పెద్దాయన గేటు దగ్గర ఆగి "కౌన్సిల్‌కి రాశారా?" అనకపోతే పని అయిపోయేదే. అడ్వాన్స్ మాత్రం తిరిగి రాలేదు. ఫోన్‌లో మా నాన్న ఒకటే నవ్వు, "గట్టు మీద కంప కొట్టడానికి కూడా కాగితమా!" అని.

నోటీసుకి ఫీజు లేదు. ఫారం, ప్లాను, ఎందుకు తీస్తున్నారో కారణం చాలు. కౌన్సిల్‌కి 42 రోజుల గడువు. ఆలోగా వద్దనకపోతే రెండేళ్లలోపు తీసేసుకోవచ్చు.

మేం నోటీసిచ్చాక, అక్టోబరులో కౌన్సిల్ నుంచి ఒకావిడ వచ్చింది. అరవై మీటర్ల కంచెలో సరిగ్గా నడిమి 30 మీటర్లకి టేపు పరిచి, అందులో ఎన్ని రకాల చెట్లున్నాయో లెక్కపెట్టింది. నాకు అదంతా ఒకటే కంప. ఆవిడ మాత్రం హాథార్న్, బ్లాక్‌థార్న్, హేజెల్, ఫీల్డ్ మేపుల్, హోలీ, డాగ్‌వుడ్ అంటూ ఆరు చూపించింది. బ్లాక్‌బెర్రీ తీగ లెక్కలోకి రాదంది. హమ్మయ్య అనుకునేలోపు వంగి ఓ కొమ్మ పైకెత్తింది. గులాబీ రంగు బుల్లి కాయలు. స్పిండిల్ అట. ఏడు! ముప్ఫై ఏళ్లు దాటిన కంచెలో ఏడు రకాలుంటే 'ముఖ్యమైనది' కిందే లెక్క. వారంలో 'తీయొద్దు' అని నోటీసు వచ్చింది. 28 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, మేం చేయలేదు.

చెప్పకుండా పీకేస్తే? జరిమానాకి పైపరిమితి లేదు. మళ్లీ నాటమని కూడా అంటారు, అలా నాటిన కంచె 30 ఏళ్లు 'ముఖ్యమైనది' కిందే లెక్క.

కత్తిరించి అదుపులో పెట్టుకోవడానికి ఏ నోటీసూ అక్కర్లేదు. అయితే పక్షులు వాడుతున్న గూడు కావాలని పాడుచేస్తే 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. వ్యవసాయ భూమిలోనైతే 2024 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కత్తిరింపే కూడదు.

మీకు కావాల్సింది ట్రాక్టరుకి దారి మాత్రమే అయితే ఇంకో మార్గం ఉంది. ఇప్పుడున్న దారికి బదులు కంచెలో కొత్తచోట సందు చేసుకుని, పాతదాన్ని 8 నెలల్లో మొక్కలు నాటి పూడ్చేస్తే నోటీసు అక్కర్లేదు. చివరికి మేం చేసింది అదే. పాత సందులో నాటిన హాథార్న్ మొక్కలు ఇప్పుడు మోకాలి ఎత్తుకొచ్చాయి. కుందేళ్లు కొరక్కుండా ఒక్కోదానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగేసరికి నా నడుం పడిపోయింది.