మేనకోడలికి హోటల్ గ్రేవీ సంగతులు

విశాఖపట్నం

చి. సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. పనీర్ బటర్ మసాలా పుల్లగా వచ్చిందని, పిల్లలు రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశారని, చివరికి మధురవాడ నుంచి ద్వారకానగర్ దాకా వచ్చి పార్సిల్ కట్టించుకెళ్ళారని అన్నావు. నీ గొంతులో బాధ వినిపించింది. ఫోన్‌లో చెబితే సగం జారిపోతుందని కూర్చుని రాస్తున్నాను. 34 ఏళ్ళు హోటల్ వంటగదుల్లో నిలబడి చేసిన పని ఇది.

మీ ఇంట్లో ఉన్న డబ్బాలే మా దగ్గరా ఉండేవమ్మా. ధనియాల పొడి, జీలకర్ర, కారం, పసుపు, గరం మసాలా, అంతే. కాకపోతే హోటల్లో గ్రేవీ రెండుసార్లు వేగుతుంది. పొద్దున్నే పెద్ద గిన్నెల్లో తీరిగ్గా ఒకసారి వేగి, చల్లారి, సిద్ధంగా ఉంటుంది. ఆర్డర్ రాగానే రెండు గరిటెలు కడాయిలో వేసి పెద్ద మంట మీద మళ్ళీ వేయిస్తాం. నువ్వేమో ఆఫీసు నుంచి వచ్చి అరగంటలో మొత్తం అయిపోవాలని ఉల్లిపాయని తొందర పెడుతున్నావు. కాబట్టి ఆదివారం ఒక పూట గ్రేవీకి కేటాయించు. వారం మధ్యలో పదిహేను నిమిషాల్లో కూర అవుతుంది.

పచ్చి ఉల్లిపాయని మిక్సీలో ముద్ద చేసి నూనెలో వేస్తున్నానన్నావు చూడు, అది ఈ రోజుతో మానెయ్యి. పచ్చి ఉల్లి నలిగితే ఘాటూ చేదూ పుట్టుకొస్తాయి. పైగా ఆ ముద్ద నిండా నీరే. ఎంతసేపు తిప్పినా చిటపటమంటూ ఉడుకుతుందే గాని వేగదు. ముందు వేయించాలి, తర్వాత రుబ్బాలి. లేదా ఉడికించి రుబ్బాలి. పచ్చిది మాత్రం వద్దు.

కేజీ ఉల్లిపాయలు సన్నగా, అన్నీ ఒకే మందంలో తరుగు. ఒకటి లావు, ఒకటి సన్నం అయితే సన్నవి మాడేసరికి లావువి ఇంకా పచ్చిగానే ఉంటాయి. రైతుబజార్లో పొరలు గలగలలాడే పాత ఉల్లిపాయలే ఏరుకో, కొత్తవాటిలో నీరెక్కువ. మందపాటి మూకుడులో 150 మిల్లీలీటర్ల నూనె పోసి, వేడయ్యాక ఉల్లిపాయలు, చిటికెడు ఉప్పు వెయ్యి. నూనె ఎక్కువనిపిస్తుంది. భయపడకు, ఇది నాలుగైదు కూరలకు సరిపోయే నూనె.

మొదటి పది నిమిషాలు ముక్కలు వాడి నీరు వదులుతాయి, చప్పుడు తడిగా ఉంటుంది. నీరు ఇగిరాక చప్పుడు సన్నబడి, అంచులు ఎర్రబడటం మొదలవుతుంది. అక్కణ్ణుంచి సెగ తగ్గించు, పొయ్యి దగ్గర్నుంచి కదలకు. అడుగున పట్టుకున్న గోధుమ రంగు పొర మాడు కాదు, రుచంతా అందులోనే ఉంది. రెండు చెంచాల నీళ్ళు చల్లి అట్లకాడతో గీకి ముక్కల్లో కలిపెయ్యి. మళ్ళీ పడితే మళ్ళీ గీకు. అలా మొత్తం 35, 40 నిమిషాలకి మంచి బెల్లం రంగు వస్తుంది. అక్కడ ఆగు. తాటిబెల్లం రంగుకి వెళ్ళిందంటే చేదెక్కినట్టే, ఇక దాన్ని ఏ మసాలా కాపాడలేదు.

ఇప్పుడు 50 గ్రాముల వెల్లుల్లి, 30 గ్రాముల అల్లం ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించు. పొడులు నేరుగా నూనెలో వెయ్యకు, కారం క్షణంలో మాడిపోతుంది. రెండు చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా జీలకర్ర పొడి, అర చెంచా పసుపు, రెండు చెంచాల కాశ్మీరీ కారం అరకప్పు నీళ్ళలో కలిపి పొయ్యి. రంగు కోసం కాశ్మీరీ కారం లేదా బ్యాడిగి మిర్చి చాలు. డబ్బాలో దొరికే ఎర్ర రంగు పొడి పిల్లలకు పెట్టకు తల్లీ. తర్వాత బాగా పండిన టమాటాలు 600 గ్రాములు తరిగి, తగినంత ఉప్పు వేసి మగ్గనివ్వు.

నూనె తేలేదాకా వేయించమని అందరూ అంటారు. ఎందుకో తెలిస్తే నువ్వు మధ్యలో ఆపవు. మూకుడులో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అప్పటిదాకా మసాలా ఉడుకుతుంది, అంతే. నీరు పోయాకే నూనె సెగ మసాలాకి తగిలి, అది నిజంగా వేగుతుంది. నాకు పని నేర్పిన మాస్టర్ ఒక తెల్ల సాసర్ పక్కనే పెట్టుకునేవారు. చెంచాడు గ్రేవీ అందులో వేసి కాస్త వంచేవారు. నీరు విడిపోయి ముందుకు పారితే మాట్లాడకుండా గరిటె నా చేతికిచ్చేవారు, ఇంకా తిప్పమని. ముద్ద కదలకుండా నిలబడి, చుట్టూ సన్నగా ఎర్రటి నూనె అంచు కడితే పొయ్యి ఆపేవారు. ఇప్పటికీ నాకు అదే కొలత. నువ్వూ ఒక సాసర్ పెట్టుకో.

పూర్తిగా చల్లారాకే మిక్సీలో వెయ్యి. వేడిది వేస్తే ఆవిరికి మూత ఎగిరి ముఖం మీద పడుతుంది. వంటగదిలో అలా కాలిన చేతులు చాలా చూశాను.

నలుగురికి కూర చెయ్యాలంటే పావు కేజీ గ్రేవీ సరిపోతుంది. రెండు చెంచాల నూనెలో జీలకర్ర వేసి, చిటపటలాడాక గ్రేవీ వేసి పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు గట్టిగా వేయించు. ఇదే ఆ రెండో వేపుడు. తర్వాత వేడినీళ్ళే పొయ్యి, చన్నీళ్ళు పోస్తే వేగుతున్న గ్రేవీ చల్లబడిపోతుంది. చికెనో, శనగలో, గుడ్లో నీ ఇష్టం. దించే ముందు గరం మసాలా, వేడి పెనం మీద ఒక్క నిమిషం వెచ్చబెట్టి నలిపిన కసూరీ మేతి. రొయ్యలకీ చేపలకీ మాత్రం ఈ గ్రేవీ వాడకు. హార్బర్ నుంచి తాజాగా వచ్చిన సరుకుకి మీ అమ్మ చేసే ఇగురే సరైన మర్యాద.

ఇక నీ పనీర్ బటర్ మసాలా. దానికి ఈ గ్రేవీ కాదు, మఖనీ గ్రేవీ, అంటే టమాటా, వెన్నతో చేసేది కావాలి. అది ఢిల్లీ వైపు నుంచి వచ్చింది. అందులో ఉల్లి ఎర్రబడకూడదు, పసుపు పడకూడదు. కేజీ పండు టమాటాలు, ఒక ఉల్లిపాయ, 80 గ్రాముల జీడిపప్పు, నాలుగు యాలకులు, ఒక బిర్యానీ ఆకు, కాసిని నీళ్ళు పోసి 25 నిమిషాలు ఉడికించు. ఆకు తీసేసి, చల్లార్చి, మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టు. ఈ వడకట్టడం మానేస్తే తొక్కలు, గింజలు నాలుక్కి తగిలి ఇంటి కూరలాగే ఉంటుంది. తర్వాత 60 గ్రాముల వెన్నలో కాశ్మీరీ కారం వేసి, వెంటనే గ్రేవీ పోసి, సన్నసెగ మీద మరో పావుగంట ఉంచు. నీకు పులుపు వచ్చింది టమాటాల వల్లే. దానికి జీడిపప్పు, వెన్న, ఒక చెంచా పంచదార చాలు. వంటసోడా వెయ్యకు, రుచి చచ్చిపోతుంది. మీగడ పొయ్యి ఆపాకే కలుపు.

జీడిపప్పు గుండ్లు కొనకు. పూర్ణా మార్కెట్లో పలాస జీడిపప్పు ముక్క అడుగు. రుబ్బేదానికి గుండ్లెందుకు, డబ్బు దండగ.

తెల్ల గ్రేవీ సులువు. ఉల్లిపాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, నానబెట్టిన జీడిపప్పు, కర్బూజా గింజలతో రుబ్బి, రంగు మారకుండా సన్నసెగ మీద వేయించి, చిలికిన పెరుగు కొంచెం కొంచెంగా కలపడమే.

దాచేటప్పుడు మాత్రం జాగ్రత్త. మన ఊరి ఉక్కలో గ్రేవీని రాత్రంతా బయట వదిలితే పొద్దున్నకి పులిసిపోతుంది. వెడల్పు పళ్ళెంలో పోసి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టెయ్యి. ఫ్రిజ్‌లో మూడు రోజులు. అంతకు మించి కావాలంటే పావు కేజీ చొప్పున చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో రెండు నెలలు. కరిగించింది మళ్ళీ గడ్డ కట్టించకు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రీజర్ నిండా ఉన్న గ్రేవీలన్నీ కరిగిపోయాయి. వాసన బాగానే ఉంది, మరిగించి వాడేద్దామన్నారు కుర్రాళ్ళు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజుల కష్టం, అయినా అంతా పారబోశాం. నీ ఇంట్లోనూ ఒకరోజంతా కరెంటు పోతే అదే చెయ్యి.

ఈ ఆదివారం ఉల్లిపాయలతో మొదలుపెట్టు. పావుగంటకి ఒకటి, అరగంటకి ఒకటి, దించే ముందు ఒకటి, మూడు ఫోటోలు పంపు. ఫోన్ దగ్గరే ఉంటాను. రంగు చూసి ఎక్కడ ఆపాలో చెబుతాను.

మీ మావయ్య