పాత షెవ్రొలే ట్రక్కుకు కొత్త కార్బురేటర్ బిగించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు కొన్న 1972 నాటి షెవ్రొలే సి-10 ట్రక్కు మీద ఉన్న రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేది) తీసేసి, ఎడెల్‌బ్రాక్ 1406 బిగించాలని ఉందని రాశావు. విజయవాడ ఆటోనగర్‌లో సోలెక్స్ కార్బురేటర్లు విప్పి కడిగిన రోజుల నుంచి ఈ టెక్సాస్‌లో పాత ట్రక్కులు బాగుచేసిన రోజుల దాకా నేను గమనించింది ఒక్కటే: కార్బురేటర్ మార్చడం ఒక్క పూట పని, కానీ దాని కింద గాలి లాగకుండా, పక్కన లింకేజీ (యాక్సిలరేటర్ పెడలును కార్బురేటర్‌తో కలిపే భాగాలు) ఎక్కడా పట్టేయకుండా చూసుకోకపోతే వారాల తరబడి స్క్రూలు తిప్పుతూ కూర్చోవలసి వస్తుంది.

స్పానర్ పట్టే ముందు అసలు తప్పు కార్బురేటర్‌దేనా అని తేల్చుకో. నీ ఇంజన్‌కు ఇంకా పాయింట్లే (స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే మీటలు) ఉంటే డ్వెల్, అంటే అవి మూసుకుని ఉండే కోణం, 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండాలి. ప్లగ్గులు, టైమింగ్, కంప్రెషన్ కూడా చూడు. ఆ తర్వాత పాత కార్బురేటర్ థ్రాటిల్ షాఫ్టును (గాలిని వదిలే రెక్కలను తిప్పే కడ్డీని) చేత్తో పట్టుకుని ఊపి చూడు. వదులు లేకపోతే రిపేరు కిట్ వేస్తే సరిపోవచ్చు, ఎందుకంటే 1965లో వచ్చిన క్వాడ్రాజెట్ చెడ్డ కార్బురేటర్ కాదు. దాని ముందరి రంధ్రాలు చిన్నవి కనుక మామూలు వేగంలో పెట్రోలు పొదుపుగా తాగుతుంది. షాఫ్టు కటకటలాడుతుంటే మాత్రం మార్చడమే మేలు. నీ 350 ఘనపు అంగుళాల ఇంజన్ 5000 ఆర్‌పీఎం దగ్గర కూడా దాదాపు 430 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలినే పీలుస్తుంది కనుక, 1406 ఇచ్చే 600 ధారాళంగా సరిపోతుంది. 750 కొనమని ఎవరు చెప్పినా వినకు.

ఇక అసలు విషయానికి వస్తాను. క్వాడ్రాజెట్‌కు ముందు రెండు రంధ్రాలు చిన్నవి, వెనక రెండూ బాగా పెద్దవి. నీ మానిఫోల్డ్‌కు (కార్బురేటర్ కింద ఉండి సిలిండర్లకు గాలి పంచే దిమ్మెకు) ఉన్న రంధ్రాలూ ఆ కొలతలవే. 1406 అడుగు వేరే తీరుది. దాని గ్యాస్కెట్‌ను మానిఫోల్డ్ మీద పరిచి చూస్తే వెనక రంధ్రాల అంచు నెలవంకలా బయటికి కనబడుతుంది. ఆ నెలవంకలోంచే గాలి దూరుతుంది. చాలా ఏళ్ల క్రితం నేనొకసారి అడాప్టర్ (రెండు తీరుల రంధ్రాలను కలిపే మధ్య ప్లేటు) కొనకుండా మందపాటి గ్యాస్కెట్‌నే నమ్ముకున్నాను. ఇంజన్ స్లో స్పీడులో ఈల వేస్తూ ఊగిసలాడుతుంటే, తప్పు మిక్స్చర్‌లో ఉందనుకుని రెండు రోజులు స్క్రూలు తిప్పాను. నువ్వు ఆ తప్పు చేయకు; క్వాడ్రాజెట్ మానిఫోల్డ్ కోసం చేసిన అడాప్టర్ ప్లేటు, దానికి పైనా కిందా కొత్త గ్యాస్కెట్లు తప్పనిసరిగా తెచ్చుకో.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా పెట్టుకుని మొదలుపెట్టు. కార్బురేటర్ లేవగానే మానిఫోల్డ్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కు, లేకపోతే గీకిన పాత గ్యాస్కెట్ ముక్కలు నేరుగా సిలిండర్లలోకి పోతాయి. అడాప్టర్ మీద కొత్తది కూర్చోబెట్టాక, నట్లు బిగించకముందే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు రెక్కలూ అడాప్టర్ అంచుకు తగలకుండా తిరుగుతున్నాయో లేదో చూడు. నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించు. బలం చూపిస్తే అల్యూమినియం అడుగు వంగుతుంది.

యాక్సిలరేటర్ కేబులు తగిలించాక ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపి ఉండగానే పెడలు నేలకంటా తొక్కించు. పైనుంచి తొంగి చూస్తే రెక్కలు నిటారుగా నిలబడాలి, కాలు తీయగానే టప్పున మూసుకోవాలి. రిటర్న్ స్ప్రింగులు రెండు పెట్టు. ఒకటి తెగినా రెండోది థ్రాటిల్‌ను మూసేస్తుంది. నీ ట్రక్కుకు టర్బో 350 గేర్‌బాక్స్ ఉంటే దాని కిక్‌డౌన్ కేబులూ (పెడలు గట్టిగా తొక్కితే గేరు తగ్గించేది) ఇదే మీట మీదికి వస్తుంది, దాన్ని గాలికి వదిలేయకు. గేర్‌బాక్స్ మాడ్యులేటర్ (ఇంజన్ మీద భారాన్ని బట్టి గేరు మార్పును సరిచేసేది) గొట్టానికి ఎప్పుడూ పూర్తి మానిఫోల్డ్ వాక్యూమ్, అంటే ఇంజన్ గాలి లాగే పీల్పు, అందాలి. డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును సిలిండర్లకు పంచేది) గొట్టాన్ని మాత్రం కార్బురేటర్‌కు ప్యాసింజర్ వైపున్న పోర్టుకు తగిలించు. వాడని ప్రతి పోర్టుకూ మూత పెట్టు.

చోక్ (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలిని తగ్గించే మూత) గురించి ఒక హెచ్చరిక. పాత చోక్ మానిఫోల్డ్ వేడితో పనిచేసేది, కొత్తదానికి కరెంటు కావాలి. చాలామంది దగ్గరలో ఉంది కదా అని స్పార్కు పుట్టించే కాయిల్ పాజిటివ్ నుంచి వైరు లాగుతారు. ఆ కాయిల్‌కు కరెంటు రెసిస్టెన్స్ వైరు గుండా వస్తుంది కనుక ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ పూర్తి 12 వోల్టులు ఉండవు. చోక్ సరిగా తెరుచుకోదు, పైగా స్పార్కూ బలహీనపడుతుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వేరే తీగను మీటరుతో వెతికి, ఫ్యూజు పెట్టి కలుపు.

పెట్రోలు పీడనం గేజితో కొలువు. అది 6.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటితే, పెట్రోలును ఆపే సూది తన సీటును వదిలేసి పెట్రోలు పొంగుతుంది, అప్పుడు రెగ్యులేటర్ పెట్టాల్సిందే. క్వాడ్రాజెట్ ఫిల్టర్ దాని మూతిలోనే ఉండేది, అది పాతదానితోపాటే పోయింది కనుక గొట్టంలో లోహపు ఫిల్టర్ ఒకటి వేసుకో. అడాప్టర్ వల్ల ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఎయిర్ క్లీనర్ మీద మట్టి ముద్ద పెట్టి, బానెట్ మెల్లగా మూసి తెరిచి, ముద్ద ఎంత అణిగిందో చూడు.

మిక్స్చర్ స్క్రూలు రెండూ మెల్లగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి స్టార్ట్ చెయ్యి. ఇంజన్ బాగా వేడెక్కి చోక్ పూర్తిగా తెరుచుకునేదాకా వాటి జోలికి పోకు. ఆ తర్వాత వాక్యూమ్ గేజి ముల్లు ఎక్కడ గరిష్ఠంగా, నిలకడగా నిలుస్తుందో అక్కడికి ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పు. ముల్లు వణుకుతుంటే స్క్రూలు వదిలేసి మళ్లీ గ్యాస్కెట్ దగ్గరికే వెళ్లు.

వంద మైళ్లు తిరిగాక, ఇంజన్ చల్లారినప్పుడు నట్లు మరోసారి చూసి, ఎనిమిది ప్లగ్గులూ విప్పి వరుసగా పేర్చి ఫోటో తీసి పంపు. మసి ఎక్కడ పట్టిందో చూసి, జెట్టు (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) మార్చాలో వద్దో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య