సాల్వెంట్ ఎంచుకునే ముందు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

అమ్మలూ,

పరవాడ మందుల ల్యాబ్‌లో చేరి నెల తిరక్కుండానే నీ రియాక్షన్‌కి సాల్వెంట్, అదే ద్రావణి, మార్చమన్నారట, ఏది తీసుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే బొమ్మలు గీయలేను, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ డైఎలక్ట్రిక్ స్థిరాంకాల పట్టిక, అదే సాల్వెంట్ ఆవేశాల మధ్య ఆకర్షణను ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకెలు, పక్కన పెట్టు. మిథనాల్‌ది 33 దాకా, డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్)ది 37 దాకా. అంకెలు చూస్తే అన్నదమ్ములే. కానీ మిథైల్ అయొడైడ్‌తో క్లోరైడ్ అయాన్ చర్య మిథనాల్‌లో కంటే డీఎంఎఫ్‌లో సుమారు పది లక్షల రెట్లు వేగంగా నడుస్తుంది. సాల్వెంట్ అణువు ఏ కొసతో ఎవరిని పట్టుకుంటుందో కాగితం మీద గీస్తేనే ఈ తేడా బోధపడుతుంది.

మిథనాల్‌లోని ఓహెచ్ హైడ్రోజన్ క్లోరైడ్ వైపు తిరిగి హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుంది. అలా అన్ని వైపులా అణువులు చేరి కప్పేస్తాయి. మన సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనంలోనే ఉంటాడు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడే. మిథనాల్‌లో ఆనయాన్ (రుణావేశపు అయాన్, ఇక్కడ క్లోరైడ్) కూడా అలా పూతలో ఉంటుంది. ఆ పూత కొంతైనా ఒలిస్తే గానీ చర్యకు దిగదు, ఒలవడానికి శక్తి కావాలి. డీఎంఎఫ్ అలా కాదు. దాని ఆక్సిజన్ కొస బయటికి ఉండి సోడియం, పొటాషియం అయాన్ల చుట్టూ చేరుతుంది. ధనావేశపు వైపేమో మిథైల్ గ్రూపుల చాటున ఉండిపోతుంది. అందుకని ఆనయాన్‌కి గట్టి పూత పట్టదు.

అయాన్ చిన్నదైతే పూత మరీ గట్టి. నీళ్లలో ఫ్లోరైడ్ హైడ్రేషన్‌తో మోల్‌కు దాదాపు 500 కిలోజౌళ్లు విడుదలైతే, అయొడైడ్‌కు 300 దాకానే.

నేను దెబ్బతిన్నది ఈ ఫ్లోరైడ్ దగ్గరే. వానాకాలం, పొటాషియం ఫ్లోరైడ్‌తో బ్యాచ్. డీఎంఎఫ్ లాంటి సాల్వెంటే అయిన డీఎంఎస్‌ఓ డ్రమ్ము మూత రాత్రంతా వదులుగా ఉండిపోయింది, మన సముద్రపు గాలి సంగతి తెలుసుగా. మర్నాడు చర్య ఎంతవరకు వచ్చిందో చూపే టీఎల్‌సీ ప్లేట్ మీద స్టార్టింగ్ మెటీరియల్ చుక్క ఉన్నది ఉన్నట్టే. రెండు రోజులు ముడిసరుకును అనుమానించాను. నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ టెస్ట్ పెడితే తేమ బయటపడింది. ఫ్లోరైడ్‌ని నీళ్లు చుట్టేసుకున్నాయి. నువ్వు మాత్రం సరుకు రియాక్టర్‌లో వేసే ముందే తేమ చూడు, ఉప్పును బాగా ఆరబెట్టు, నైట్రోజన్ కింద నడుపు.

తీరిక దొరికితే రెండు టెస్ట్‌ట్యూబులు తీసుకో. ఒకదాంట్లో హెక్సేన్, రెండోదాంట్లో ఇథనాల్ పోసి చెరో చిన్న అయొడిన్ పలుకు వెయ్యి. మొదటిది ఊదా రంగు, రెండోది గోధుమ రంగు. ఇథనాల్ ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్ జంటతో అయొడిన్‌ని పట్టుకోవడమే ఆ గోధుమ రంగు. ఒకసారి కళ్లారా చూస్తే ఇక మరిచిపోవు.

డీఎంఎఫ్ ఖాయమైతే గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. మందులో మిగిలేది 880 పీపీఎం (పది లక్షల భాగాల్లో 880) దాటకూడదు, కాబట్టి దాన్ని ఎలా కడిగి తీస్తావో ఇప్పుడే మీ సీనియర్‌ని అడిగి పెట్టుకో. ఆదివారం వస్తే నువ్వు గీసిన బొమ్మ పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న