జిగురు మందు ప్రభావం కొలిచే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మొక్కజొన్నలో టెంబోట్రియోన్ అనే కలుపు మందుకి సర్ఫాక్టెంట్, అదే మన రైతులు జిగురు మందు అనేది, కలిపితే ఎంత తేడా వస్తుందో కొలవబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. నీ ప్లాన్ చదివాక ఒక్కటే దిగులు. పూర్తి మోతాదు ఒక్కటే పెట్టుకున్నావు. ఎకరాకు 115 మి.లీ. కొట్టాక రెండు మడులూ శుభ్రంగా కనిపిస్తే తేడా ఎక్కడ వెతుకుతావు? సగం, పావు మోతాదుల్లో కూడా జిగురు కలిపి ఒకటి, కలపకుండా ఒకటి పెట్టు. జిగురు బలం అక్కడే బయటపడుతుంది.

జిగురు మందు ఒక్కటే కొట్టిన మడి, ఏదీ కొట్టని మడి కూడా ఉండాలి. నా మొదటి ట్రయల్లో జిగురు మడి వదిలేశాను. మూడో రోజుకి పైరు ఆకులు అక్కడక్కడా మాడాయి. కలుపు మందు వల్లా, జిగురు వల్లా? చెప్పలేకపోయాను. సీజనంతా వృథా అయింది. అది నీకు జరగకూడదు.

కొట్టే ముందు లేత ఊద ఆకు మీద ఒట్టి నీళ్ల చుక్క వేసి చూడు. గుండ్రంగా నిలిచి, ఆకు కాస్త కదిపితే జారిపోతుంది. జిగురు కలిపిన చుక్క పరుచుకుని ఆకంతా తడుపుతుంది. అదే నీళ్లు పైరు సుడిలోకి కూడా దిగుతాయి. అందుకే 3, 7, 14 రోజులకు పైరు దెబ్బకు 0 నుంచి 10 వరకు మార్కులు వెయ్యి. ఏ మడిలో ఏం కొట్టారో తెలియని మనిషి చేత వేయిస్తే ఇంకా మంచిది.

ఈ మందుకి కలుపు తెల్లబడుతుంది. అది చూసి చచ్చిందనుకోకు, మొవ్వు బతికుంటే మళ్ళీ పచ్చబడుతుంది. 28వ రోజున అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న ఫ్రేము వేసి, లోపలి కలుపు లెక్కపెట్టి, నేల మట్టానికి కోసి, ఓవెన్లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూకం వెయ్యి. కొట్టని మడి బరువులోంచి కొట్టిన మడి బరువు తీసేసి, కొట్టని మడి బరువుతో భాగించి, నూరుతో గుణించు. వచ్చేదే కలుపు నివారణ శాతం.

అన్ని మడులకూ ఒకే బోరు నీళ్లు, ఒకే ఫ్యాన్ నాజిల్, ఒకే నడక. ముందు జిగురు లేనివి కొట్టు, మందు మారినప్పుడల్లా పంపు బాగా కడుగు. ప్రతి రకం మడీ కనీసం మూడుసార్లు, చీటీలు తీసి చోటు మారుస్తూ పెట్టు.

కలుపు సంచుల మీద మడి నంబరు పెన్సిల్‌తో రాయి, తడి కలుపుకి పెన్ను సిరా కరిగిపోతుంది. తూకాలు రాగానే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య