ఆ అబ్బాయి పేరేంటి బాబూ?

బాబూ,

వందనాలు. నీ కథ బుధవారం అందింది. రాత్రి ప్రార్థన అయ్యాక కూర్చుని రెండుసార్లు చదివాను, తర్వాత పడుకున్నా నిద్ర పట్టలేదు. కూతురు రూతు సంగతి తెలిసిన రోజు ఆ తల్లి అన్నం పెట్టి మంచినీళ్లు పెట్టడం మర్చిపోతుంది, ఆ పిల్లా అడగదు, పొలమారితే లేచి వెళ్లి తనే ముంచుకుంటుంది. అది నువ్వు ఎక్కడో చూసే రాశావు. అక్కడ నాకు కళ్లు చెమర్చాయి.

ఇక నా కోపం సంగతి. పన్నెండు పేజీల్లో రూతు తొమ్మిదిసార్లు ఏడ్చింది, లెక్కపెట్టాను. ఆమెతో కలిసి పాపం చేసినవాడు ఏడి? రెండో పేజీలో 'ఒక అబ్బాయి' అని వచ్చాడు, మూడో పేజీకి లేడు. వాడికి పేరు లేదు, ఇల్లు లేదు, వాళ్లమ్మ ఆ రాత్రి ఏం వండిందో లేదు.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని యేసయ్య దగ్గరికి లాక్కొచ్చినవాళ్లు చేసిందీ ఇదే. యోహాను 8వ అధ్యాయం నీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఇలాంటివాళ్లను రాళ్లతో కొట్టమని మోషే ఆజ్ఞాపించాడు అన్నారు. ఆ మోషే ధర్మశాస్త్రమే తీసి చూడు, లేవీయకాండం 20:10, మరణశిక్ష ఇద్దరికీ అని ఉంటుంది. చేస్తుండగా పట్టుకున్నామంటూ ఒక్కదాన్నే తెచ్చారే, రెండోవాణ్ణి ఎవరు వదిలేశారు? 1842లో లూథరన్ మిషనరీ హేయర్ అయ్యగారు గుంటూరులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మన వాళ్లు ఈ వాక్యం వింటున్నారు, ఈ ప్రశ్న అడిగిన ప్రసంగాలు మాత్రం నా డెబ్భై ఏళ్లలో రెండో మూడో విన్నాను.

నాకు పదిహేడేళ్లప్పుడు మా ఊరి సంఘంలో ఒక అక్కను ఆరాధన చివర ముందు నిలబెట్టారు. నేను ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద ఉన్నాను. ఆమె కీర్తనల పుస్తకాన్ని రెండు చేతులతో ఎంత గట్టిగా పట్టుకుందంటే, చెమటకు అట్ట రంగు కరిగి వేళ్లు ఎర్రగా అయిపోయాయి. ఆరు నెలలు ప్రభువు బల్లకు, అంటే రొట్టె ద్రాక్షారసాలకు, దూరంగా ఉండాలి అని పెద్దలు చదివారు. ఆమెతో తప్పు చేసినతను హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. అందరికీ తెలుసు. చదవడం అయిపోగానే తర్వాతి కీర్తన అతనే ఎత్తుకున్నాడు, మేమందరం పాడాం. నేనూ పాడాను.

పదేళ్లకు దాన్ని కథగా రాసి ఒక క్రైస్తవ మాసపత్రికకు పంపాను. ఎడిటర్ గారు హార్మోనియం మనిషిని మొత్తం కొట్టేసి, చివర ఆ అక్క కన్నీళ్లతో సాక్ష్యం చెప్పినట్టు రెండు పేరాలు తనే రాసి కలిపి, నా పేరుతో అచ్చేశారు. అడిగితే 'సంఘానికి క్షేమాభివృద్ధి కలగాలి కదమ్మా' అన్నారు. ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గరుంది, తెరవను. ఈమధ్య ఇంకో ఫ్యాషన్ వచ్చింది. పాపం అనే మాటే ఎత్తకుండా, పాస్టర్లందరూ దుర్మార్గులని రాస్తే చాలు, ధైర్యమైన కథ అంటున్నారు. అటూ పోకు. యేసయ్య ఆమెకు శిక్ష వేయలేదు, ఇక పాపం చేయవద్దనీ చెప్పాడు. ఆ రెండు మాటలూ ఒక్క వచనంలోనే ఉన్నాయి, ఏ ఒక్కటి తీసేసినా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మగవాడి పాపాన్ని మగవాడి పేరుతో చెప్పడం కావాలంటే నాతాను ప్రవక్తను చూడు. ఊరియా భార్య బత్షెబను తెచ్చుకున్న దావీదుకు, పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు, దావీదు మండిపడ్డాడు, అప్పుడు 'ఆ మనుష్యుడవు నీవే' అన్నాడు. అంత పెద్ద రాజుతో! మత్తయి యేసయ్య వంశావళి రాస్తూ బత్షెబ పేరు కూడా రాయలేదు, ఊరియా భార్య అన్నాడు. ఎవరి భార్యను ఎవరు తెచ్చుకున్నారో చదివినవాడికి ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. అంత పొదుపు నేర్చుకో.

ఇంకో సంగతి, రూతు ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ అమ్మాయా, లూథరన్ అమ్మాయా? మొదట పాస్టరు గారు వచ్చారు, నాలుగో పేజీకి ఫాదర్ గారయ్యారు. ఇది చిన్న తప్పు కాదు బాబూ. ఆర్‌సీఎం అయితే ఆమె పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తుంది, అక్కడ చెప్పుకున్నది ఆ గురువు ఎవరికీ చెప్పకూడదు, అప్పుడు నీ పెద్దల పంచాయితీకి చోటే లేదు. ముందు అది తేల్చుకో. విజయవాడలో గుణదల మేరీమాత కొండెక్కి దిగేలోపు ఆమె మారిపోయిందన్నావు. ఫిబ్రవరి తిరునాళ్లకు ఆ మెట్ల మీద వేలమంది ఏడుస్తారు, ఆ ఏడుపును నేను తక్కువ చేయను. కానీ మారుమనస్సు మర్నాడు పొద్దున, వాడి ఫోన్ వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆ పొద్దున నీ కథలో లేదు.

చివర్లో పెద్దలు ఆమెను భార్య చనిపోయిన ఇద్దరు పిల్లల తండ్రికి ఇచ్చి చేయడం, నువ్వు దాన్ని దేవుని కృప అనడం చదివి పుస్తకం మూసేశాను. పెళ్లి మరక తుడిచే గుడ్డా? భార్య దేహం మీద భర్తకెంత అధికారం ఉందో భర్త దేహం మీద భార్యకూ అంతే ఉందని మొదటి కొరింథీ 7లో పౌలు రాశాడు, ఆ రోజుల్లో! ఆ మాట తెలిసినవాళ్లు ఆ పిల్లను ఒక్కసారైనా 'నీకిష్టమేనా' అని అడగాలి కదా. నీ కథలో ఎవరూ అడగలేదు, నువ్వూ అడగలేదు.

కథ తిప్పి పంపుతున్నాను. 'ఒక అబ్బాయి' అన్న చోట పెన్సిల్‌తో గీత గీశాను. అక్కడ వాడి పేరు రాసి, వాడు ఆ ఆదివారం గుడిలో ఎక్కడ కూర్చున్నాడో రాసి మళ్లీ పంపు. నెలాఖరు దాకా గుంటూరులోనే ఉంటాను.

మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు.