డయోనీసియస్ లార్డ్నర్ బొమ్మ ఉన్న పాత ప్రింట్ కొనొచ్చా?

లండన్‌లో ఓ పాత పుస్తకాల షాపులో 19వ శతాబ్దపు సైన్స్ రచయిత లార్డ్నర్ బొమ్మ కనబడిందనీ, షాపాయన 1832 నాటి ఎచింగ్ (యాసిడ్‌తో గీతలు తొలిచిన రాగిరేకు నుంచి తీసిన అచ్చు) అంటున్నాడనీ, కొనొచ్చా అనీ అడిగారు కదండీ. కొనండి, కానీ ఎచింగ్ ధర మాత్రం పెట్టకండి.

1832 అన్నాడంటే అది డేనియల్ మక్లీస్ అనే చిత్రకారుడు గీసినదే అయ్యుంటుంది. ఫ్రేజర్స్ మ్యాగజైన్ అనే లండన్ మాసపత్రిక 1830 నుంచి 1838 దాకా అప్పటి రచయితల బొమ్మలు వరసగా వేసింది. మక్లీస్ మారుపేరుతో గీసేవాడు, పక్కన వ్యాఖ్య ఎక్కువగా విలియం మాగిన్ రాసేవాడు, అందులో వెటకారానికి లోటుండేది కాదు. ఇద్దరిదీ ఐర్లండ్‌లోని కార్క్, లార్డ్నర్‌దేమో డబ్లిన్. ఆ బొమ్మలు ఎక్కువగా ఎచింగులు కావు, లిథోగ్రాఫులు, అంటే సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీసి అచ్చు తీసినవి.

నా దగ్గరా ఆ బొమ్మ ఒకటుంది. నేను కొనేటప్పుడు మొదట ఫ్రేములోంచి తీయించాను, అద్దం వెనకాల ఉన్నంతసేపు ఏదీ తేలదు. ఎచింగ్ అయితే రాగిరేకు ఒత్తుకున్న అంచు బొమ్మ చుట్టూ కాగితంలో దిగి ఉంటుంది, వేలితో మెల్లగా తడిమితే సిరా కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. నా దాంట్లో ఆ రెండూ లేవు, గీతలు కాగితంతో సమానంగా ఉన్నాయి, ఎడమ అంచున పత్రిక కుట్టిన చిల్లులు మాత్రం కనబడ్డాయి, అవి చూశాకే నాకు టెన్షన్ తగ్గింది. భూతద్దంలో వరసలుగా చుక్కలు కనబడితే మాత్రం వదిలేయండి, అది ఎప్పుడో తర్వాత ఫొటో తీసి అచ్చేసింది. ఇంకో మెలిక ఉంది: విలియం బేట్స్ 1873లో ఈ బొమ్మలన్నిటినీ పుస్తకంగా మళ్లీ వేయించాడు. అందులోంచి చింపిన పేజీ కూడా పాతదే, కాకపోతే 1832 నాటిది కాదు.

ఇక లార్డ్నర్ సంగతి. లండన్ యూనివర్సిటీలో భౌతిక, ఖగోళ శాస్త్రాలకు మొదటి ప్రొఫెసర్, 1829లో మొదలుపెట్టిన క్యాబినెట్ సైక్లోపీడియా అనే పుస్తకాల వరసని 133 సంపుటాల దాకా నడిపాడు, దానికి ఫ్రాంకెన్‌స్టైన్ రాసిన మేరీ షెల్లీ చేత కూడా జీవిత చరిత్రలు రాయించాడు. 1840లో ఓ సైనికాధికారి భార్యతో వెళ్లిపోతే ఆ భర్త కోర్టుకెక్కి 8,000 పౌండ్ల నష్టపరిహారం గెలిచాడు, ఆ దెబ్బకి ఇంగ్లండ్‌లో ఈయన పరువంతా పోయింది. అమెరికాలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి బాగానే సంపాదించాడులెండి. రైలు వేగంగా పోతే ఊపిరాడక చస్తారని ఈయనే అన్నాడని షాపాయన కథ చెబితే వినేసి ఊరుకోండి, దానికి గట్టి ఆధారం లేదు.

పత్రికలోంచి విడదీసిన ప్రింట్లు అరుదేం కాదు, కాబట్టి బేరమాడండి. ఫ్రేము విప్పనంటే ఇంకో షాపు చూసుకోవడమే. కొన్నాక వెనక సెల్లోటేప్ అంటించకండి, లామినేషన్ అసలే వద్దు, యాసిడ్ లేని అట్ట పెట్టి ఎండ తగలని గోడకి తగిలించండి.