విల్లాన్‌లో మందు తాగనివాళ్లకు ఏముంది? - సమాధానం

బుడాపెస్ట్ నుంచి కారు అద్దెకు తీసుకుని రెండు రోజులు విల్లాన్ వైన్ ప్రాంతానికి వెళ్తున్నామని, అమ్మానాన్నలు మందు ముట్టరు కాబట్టి వాళ్లకు బోర్ కొడుతుందేమోనని అడిగారు కదండీ. కారు వద్దనే నా మాట. హంగరీలో ఒక్క గుక్క తాగి బండి నడిపినా నేరమే. రైల్లో విల్లాన్ దగ్గరున్న పేచ్ నగరానికి వెళ్లండి, సుమారు మూడు గంటలు. బస అక్కడే పెట్టుకోండి.

మొదటి రోజంతా పేచ్‌కే ఇవ్వండి. పెద్దవాళ్లకు తప్పకుండా నచ్చుతుంది. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు సోపియానె. 4వ శతాబ్దపు క్రైస్తవ సమాధి గదులు నేల కింద ఇంకా ఉన్నాయి. ఒక గదిలో గోడ గూటిలో వైన్ కూజా, గ్లాసు బొమ్మలు గీశారు. దగ్గరగా నిలబడి చూడండి, ఈ నేలకు ద్రాక్షతో ఎంత పాత బంధమో అర్థమవుతుంది. పైన చౌకులో తుర్కుల పాలనలో కట్టిన కాసిం పాషా మసీదు ఇప్పుడు చర్చి. గుమ్మటం మీద నెలవంక, శిలువ కలిసే ఉంటాయి. లోపల మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గోడ గూడు) కూడా అలాగే ఉంచారు.

రెండో రోజు విల్లాన్. 1687లో తుర్కులు ఓడిన యుద్ధం ఆ పక్కనున్న హర్షాన్ కొండ దగ్గరే జరిగింది. ఖాళీ అయిన ఊళ్లలో తర్వాత జర్మన్లు స్థిరపడి తోటలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లలో చాలామందిని వెళ్లగొట్టారు. ఆ సంగతి తెలిసి చూస్తే తెల్లటి సెల్లార్ల (వైన్ నిల్వ గదుల) వరుస మనసును పట్టేస్తుంది. మీరు కాబెర్నే ఫ్రాంక్ అనే రెడ్ వైన్ రుచి చూస్తుంటే అమ్మానాన్నలకు ద్రాక్షరసం అడగండి. టైముంటే షిక్లోష్ కోట కూడా చూడండి. ఎండ గట్టిగా ఉంటుంది, టోపీలు మరవకండి.